గురి కుదరడం

తెలుగులో ‘గురి’ అనే మాటకు రెండర్థాలున్నాయి. బాణం తగలవలసిన చోటు గురి. ఒక మనిషి మీద మరొక మనిషికి నిలిచిన నమ్మకమూ గురే. “ఆ వైద్యుని మీద నాకు గురి కుదిరింది” అని మన పెద్దవాళ్లు అంటూంటారు. ఇందులో ‘కుదరడం’ అనే క్రియను గమనించండి. కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్టను మనం కుదురు అంటాం. అటూ ఇటూ కదిలేది ఒకచోట నిలిస్తే కుదిరింది అంటాం. గురి కూడా అటువంటిదే. నిఘంటువుల సాయంతో పద్యాలకు అర్థాలు చెప్పుకొనే నాకు ఈ మాట అసలు బరువు తెలిసింది తరగతి గదిలో కాదు, తుపాకులు పేలే మైదానంలో.

ప్రాచీన సాహిత్యంలో లక్ష్యభేదన ఘట్టాలకు కొదువ లేదు. చెట్టుకొమ్మన పెట్టిన బొమ్మపక్షిని చూపి ద్రోణుడు శిష్యులను పరీక్షించిన కథ మీకు చిన్నప్పుడే తెలుసు. ద్రౌపదీ స్వయంవరమూ తెలుసు. అర్జునుడు కింద నీటిలో నీడను చూస్తూ పైనున్న చేపను కొట్టాడన్నది జనవ్యవహారంలో స్థిరపడిన కథ. వ్యాసభారత మూలంలో చేప ప్రసక్తీ నీటి ప్రసక్తీ కన్న వేరొక విషయం ప్రధానంగా కనిపిస్తుంది. ద్రుపదుడు వంచశక్యం కాని ఒక వింటిని చేయించాడు. ఆకాశంలో ఒక యంత్రాన్ని అమర్చాడు. ఆ యంత్రంలోని రంధ్రం గుండా ఐదు బాణాలతో పైనున్న లక్ష్యాన్ని కొట్టాలన్నది పందెం. రంధ్రం గుండా చూడడం, ఐదు బాణాలు వేయడం అనే ఈ రెండు సంగతులు నాకు తరువాతి కాలంలో పదేపదే గుర్తుకు వచ్చాయి. ఎందుకో ముందు చెబుతాను.

కావ్యాలలో బాణం తప్పిందంటే తప్పు విలుకానిది, లేదా శాపానిది, లేదా దైవానిది. వింటిలో ఏమైనా వంకర ఉందేమో చూద్దామని ఏ కవీ నాయకుణ్ణి ఆపి కూర్చోబెట్టడు. కథ నడవాలి కదా! తుపాకి విద్యలో మాత్రం తొలి అనుమానం సాధనం మీదికే పోతుంది. ఆ అనుమానాన్ని తీర్చుకొనే పద్ధతికే సైనికులు జీరోయింగు అని పేరు పెట్టుకున్నారు. మన మాటల్లో చెప్పాలంటే గురి కుదర్చడం.

ఆ అవసరం ఎందుకు వస్తుందో ముందుగా తెలుసుకోవాలి. తూటా గీత గీసినట్లు తిన్నగా పోతుందని చాలామంది నమ్మకం. గొట్టం విడిచిన క్షణం నుంచే అది నేల వైపు పడడం ప్రారంభిస్తుంది. చేతిలోంచి జారిన గులకరాయి ఎంత వేగంగా కిందికి పడుతుందో, తూటా కూడా ముందుకు దూసుకుపోతూనే దాదాపు అంత వేగంగా కిందికి పడుతుంది. మన చూపు మాత్రం తిన్నగానే పోతుంది. కనుక చూపురేఖకూ తూటా దారికీ పొత్తు కుదరాలంటే గొట్టాన్ని చూపు కంటె రవ్వంత పైకి ఎత్తి ఉంచాలి. అప్పుడు తూటా చూపురేఖను కింది నుంచి పైకి ఒకసారి దాటి, దూరాన మళ్లీ కిందికి దిగుతూ రెండవసారి దాటుతుంది. ఆ రెండవ కలయిక సరిగ్గా లక్ష్యం దగ్గర జరిగేటట్లు చేయడమే గురి సవరణ. ఒక దూరానికి కుదిరిన గురి మరొక దూరానికి పనికిరాదు.

నేను మా కళాశాలలో పదకొండేళ్లు ఎన్.సి.సి. బాధ్యతలు కూడా చూశాను. అందుకు ముందుగా గ్వాలియరులోని అకాడమీలో మహిళా అధ్యాపకులకిచ్చే శిక్షణ పొందాను. ప్రబంధాల మీద పరిశోధన చేసిన మనిషి ఖాకీ దుస్తులు తొడుక్కుని నేల మీద బోర్లా పడుకొని రైఫిలు భుజానికి ఆనించుకోవడం చూసి మా సహాధ్యాపకులు నవ్వుకున్నారు. నాకూ నవ్వే వచ్చింది. కాని ఆ విద్యలోని క్రమం మెల్లగా నన్ను పట్టుకుంది.

2006 డిసెంబరులో జరిగిన ఒక శిక్షణ శిబిరం సంగతి చెబుతాను. పట్టణానికి దూరంగా కొండవాలున ఫైరింగు రేంజి. పాతిక గజాల దూరంలో చెక్క చట్రాలకు అంటించిన కాగితాలు, వాటి మీద నల్లని చుక్కలు. ఒక్కొక్క క్యాడెట్‌కు ఐదేసి .22 తూటాలు. కాల్చిన ప్రతి తూటాకూ ఖాళీ తొడుగు ఏరి లెక్క అప్పజెప్పాలి. ఒక్కటి తగ్గినా సాయంత్రం దాకా గడ్డిలో వెతుకులాటే. ఆ రోజు ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నవారిని షూటింగు జట్టులోకి తీసుకుంటారని ముందే చెప్పారు.

ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి ఆ వరుసలో ఉంది. రెండు బస్సులు మారి కళాశాలకు వచ్చే పిల్ల. ఆమె కాల్పులు అయిన తరువాత కాగితం తెచ్చి చూస్తే నల్లచుక్కలో ఒక్క రంధ్రమూ లేదు. వెనుక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె కంటె ముందు కాల్చిన కుర్రవాని కాగితంలో ఒకటి సరిగ్గా నడిబొడ్డున పడింది. తక్కిన నాలుగు కాగితం నాలుగు మూలలకూ పోయాయి. అయినా అందరూ చప్పట్లు కొట్టారు. పాయింట్లు రాస్తున్న అధికారి అమ్మాయి పేరు ఎదుట సున్న వేసి, పక్కకు జరగమన్నాడు.

మాకు శిక్షణ ఇచ్చే హవల్దారు గఢ్వాలు ప్రాంతంవాడు. పిల్లలంతా ఆయనను ఉస్తాద్ అనేవారు. ఆయన ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకొని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. చుక్కకు ఎడమ పక్కన రెండంగుళాల దూరంలో ఐదు రంధ్రాలున్నాయి. ఐదూ ఒక రూపాయి బిళ్ల కింద దాగిపోయేంత దగ్గరగా ఉన్నాయి. జేబులోంచి నిజంగానే ఒక రూపాయి తీసి వాటి మీద పెట్టి నాకు చూపించాడు. హిందీలో ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: “రైఫిలు అబద్ధమాడుతోంది మేడం, పిల్ల ఆడడం లేదు.”

ఈ మాటను కొంచెం విప్పి చూడాలి. ఐదు తూటాలు ఒకే చోట పడ్డాయంటే, ఐదు సార్లూ ఆమె ఊపిరి ఒకే తీరున నిలిచింది, వేలు ఒకే తీరున కదిలింది, కన్ను ఒకే చోట ఆగింది. ఒక మనిషి చేతులో ఉండేది ఇంతవరకే. ఆ ఐదింటి గుంపు చుక్క మీద పడడం, పక్కన పడడం సాధనానికి సంబంధించిన విషయం. అది నిమిషంలో సరిదిద్దదగినది. నడిబొడ్డున ఒక్కటి కొట్టిన కుర్రవాని సంగతి వేరు. అతని ఐదు తూటాలకూ ఒక ఊరంటూ లేదు. వాటి నడిమి చోటు ఎక్కడో నిర్ణయించి గురి సవరిద్దామన్నా ఏది ఎటు జరపాలో తెలియదు. చుక్కలో పడిన ఆ ఒక్కటీ అదృష్టవశాత్తూ అక్కడ పడింది.

ఉస్తాద్ అధికారితో మాట్లాడాడు. తూటాల లెక్క తప్పుతుందని ఆయన ఒప్పుకోలేదు. ఆయన ఇబ్బందీ నిజమే. మనిషికి ఐదని రాసిపెట్టి ఉన్నప్పుడు ఆరవది ఎక్కడి నుంచి తెస్తాడు? శిక్షకులకు కూడా ఆ రోజు ఐదేసి తూటాలు కేటాయించారు. నా వంతు ఇంకా రాలేదు. నా ఐదూ ఆ అమ్మాయికి ఇచ్చి, నా పేరు కొట్టివేయమని అడిగాను. ఆయన ఒకసారి నా వైపు, ఒకసారి రూపాయి బిళ్ల వైపు చూసి సరేనన్నాడు.

ఉస్తాద్ చిన్న సుత్తి, ఇత్తడి మేకు తెప్పించాడు. ఆ పాత రైఫిలు మూతి దగ్గర నిలబడే ముందరి గురి ఒక గాడిలో బిగించి ఉంటుంది. ఎప్పుడో పెట్టెలో దెబ్బ తిని అది కుడి పక్కకు జరిగింది. తూటాలు ఎడమకు పోతున్నాయి కదా, ముందరి గురిని ఎటు జరపాలి? కుడికి అనుకుంటాం. ఆయన ఎడమకు కొట్టాడు. వింతగా తోచింది. గురి ఎడమకు జరిగితే, దానిని మళ్లీ చుక్క మీదికి తేవడానికి కాల్చేవాడు గొట్టాన్ని కుడికి తిప్పుతాడు. తూటాలూ కుడికి వస్తాయి. వెనుక గురిని జరిపే రైఫిళ్లలో ఇందుకు తలకిందులు. తూటా ఎటు పోవాలో అటే జరపాలి. ముందరి గురి తప్పును వెంబడిస్తుంది, వెనుక గురి ఒప్పును వెంబడిస్తుంది అని నేను పిల్లలకు చెప్పేదాన్ని. ఆయన జరిపింది ఒక్క మిల్లీమీటరు మాత్రమే. ముందు వెనుకల గురుల మధ్య దూరం సుమారు అర మీటరు. లక్ష్యం ఇరవైమూడు మీటర్ల దూరంలో ఉంది. కనుక ఇక్కడి మిల్లీమీటరు అక్కడ దాదాపు ఐదు సెంటీమీటర్లవుతుంది.

అమ్మాయి మళ్లీ పడుకొని కాల్చింది. నాలుగు నల్లచుక్కలో పడ్డాయి. ఒకటి అంచున ఆగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు, చప్పట్లూ కొట్టలేదు. ఉస్తాద్ మాత్రం రూపాయి జేబులో వేసుకున్నాడు. ఆమె జట్టులోకి వెళ్లింది. ఆ జట్టు ఏ పతకమూ తేలేదు. అది వేరే కథ.

ఈ సంఘటన తరువాత జవాబు పత్రాలు దిద్దే నా తీరు కొంత మారింది. ఉర్దూ మాతృభాషగా కల ఒక విద్యార్థి పత్రంలో ఎర్రసిరా గీతలు ఇరవైకి పైగా ఉన్నాయి. లెక్క చూస్తే అన్నీ ‘ల’కు ‘ళ’, ‘న’కు ‘ణ’ తారుమారైన చోట్లే. మరొకని పత్రంలో ఎర్రగీతలు ఏడే ఉన్నాయి. కాని ఒకదానితో ఒకదానికి పోలిక లేదు. మొదటివానికి వారం రోజుల్లో దోషం పోయింది. రెండవవానితో ఆ ఏడంతా శ్రమించాను.

ఇక పెద్ద దూరాల మాట. పాతిక గజాల దగ్గర సుత్తీ మేకూ చాలు. వందల గజాల దూరానికి పోయేసరికి రైఫిలు మీద దూరదర్శిని కావాలి. దానినే స్కోపు అంటున్నాం. దాని లోపల అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి సన్నని గీతలుంటాయి. ఈ గీతల వెనుక ఒక ముచ్చటైన కథ ఉంది. 1640 ప్రాంతంలో విలియం గాస్కాయిన్ అనే ఆంగ్ల ఖగోళ పరిశీలకుని దూరదర్శినిలో ఒక సాలెపురుగు గూడు అల్లిందట. కన్నుపెట్టి చూస్తే ఆ దారం నక్షత్రంతోపాటు స్పష్టంగా కనిపించింది. అటువంటి దారాన్ని కావాలని అమర్చుకుంటే దేనివైపు చూస్తున్నామో కచ్చితంగా తెలుస్తుందని ఆయన గ్రహించాడు. నక్షత్రాల కోసం ఆలోచించిన ఆ యువకుడు 1644లో ఇంగ్లండు అంతర్యుద్ధంలో మరణించాడు.

స్కోపు మీద రెండు మరలు ఉంటాయి. పైనున్న మరతో తూటా పడే చోటు పైకీ కిందికీ, పక్కనున్న మరతో కుడికీ ఎడమకూ జరుగుతుంది. తిప్పినప్పుడు గడియారానికి కీ ఇచ్చినట్లు టిక్కు టిక్కుమని చప్పుడవుతుంది. ఒక్కొక్క టిక్కుకూ ఒక కొలత ఉంది. వృత్తానికి 360 భాగలు. ఒక్కొక్క భాగను అరవైగా పంచితే వచ్చేదానికి మన జ్యోతిశ్శాస్త్రంలో కళ అని పేరు, లిప్త అని మరొక పేరు. చాలా స్కోపులలో ఒక టిక్కు కళలో నాలుగో వంతు.

ఎంపీసీ విద్యార్థులకు నచ్చే సంగతి ఒకటి ఇక్కడుంది. వృత్తం చుట్టుకొలతలో మొత్తం 21,600 కళలు. చుట్టుకొలత అంత అయితే వ్యాసార్ధం 3438 కళలు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోని జ్యాపట్టికకు ఆధారం ఈ 3438 సంఖ్యే. లక్ష్యం ఎంత దూరంలో ఉందో ఆ దూరాన్ని 3438తో భాగించండి. ఒక కళ తిప్పితే తూటా ఎంత జరుగుతుందో వస్తుంది. వంద మీటర్ల దగ్గర అది సుమారు 2.9 సెంటీమీటర్లు. వెయ్యి గజాల దగ్గర, అంటే 914 మీటర్ల దగ్గర, సుమారు 26.6 సెంటీమీటర్లు. గ్రహగతుల కోసం కట్టిన లెక్క, కట్టినవాడు ఊహించని పనికి ఇలా అక్కరకు వస్తుంది.

స్కోపుకు మరొక జబ్బు ఉంది. అద్దం వెనుక తలను కొంచెం పక్కకు జరిపితే అడ్డునిలువు గీతలు లక్ష్యం మీద నుంచి తొలగినట్లు కనబడతాయి. రైఫిలు కదలలేదు, లక్ష్యం కదలలేదు, చూసేవాని కన్ను కదిలింది. దీనికి మనవారి పేరు లంబనం. లక్ష్యం ప్రతిబింబమూ గీతలూ లోపల ఒకే తలం మీదికి వచ్చేవరకు పక్కనున్న మరొక మరను తిప్పితే ఇది పోతుంది. దీనిని సరిచేయకుండా తక్కిన రెండు మరలూ ఎంత తిప్పినా ప్రయోజనం లేదు. చాలామంది తొందరలో చేసే పని మాత్రం అదే.

ఒలింపిక్సులో రైఫిలు పోటీలకు ఈ అద్దాల స్కోపు వాడనివ్వరు. అక్కడ వెనుక ఒక చిన్న రంధ్రం, ముందు ఒక వలయం ఉంటాయి. ద్రుపదుని యంత్రం నాకు జ్ఞాపకం వచ్చేది ఇక్కడే. పది మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో నడిమి చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. మన అక్షరాల మధ్య పెట్టే పూర్ణవిరామం కంటె పెద్దది కాదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో కాంస్యం గెలిచింది ఈ పోటీలోనే. అంతకు నాలుగేళ్ల ముందు, 2008 ఆగస్టు 11న బీజింగులో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచాడు. ఫైనలుకు ముందు లెక్కకు రాని పరీక్ష తూటాలు వేసుకునే వీలుంటుంది. ఆయన వేసిన మొదటి పరీక్ష తూటా పది దగ్గర పడవలసింది నాలుగు దగ్గర పడింది. తన రైఫిలు గురిని ఎవరో కదిలించారని ఆయన తరువాత చెప్పాడు. ఆ స్థాయి క్రీడాకారుడు తన చేయి అంత దూరం తప్పదని ఎరుగును. తన మీద తనకు కుదిరిన గురి అది. కొద్ది నిమిషాల వ్యవధిలో మర తిప్పి సవరించుకున్నాడు. చివరి తూటాకు 10.8 వచ్చింది. దేశమంతా ఆ చివరి తూటాను చూసింది. నేను మొదటి పరీక్ష తూటా గురించే ఎక్కువ ఆలోచిస్తాను. అప్పుడు కంగారుపడి భుజాన్నో శ్వాసనో మార్చుకొని ఉంటే ఏమయ్యేదో!

2019 మే నెలలో వేసవి సెలవులకు మా అమ్మాయి ఇంటికి ఇంగ్లండు వెళ్లాను. వాళ్లుండే ఊరు సర్రే ప్రాంతంలోని వోకింగు. అక్కడికి కొద్ది మైళ్లలోనే బిస్లీ అనే చోటు ఉంది. 1890 నుంచి ఆ దేశపు రైఫిలు పోటీలకు అది పుట్టినిల్లు వంటిది. అంతకు ముందు ఆ పోటీలు వింబుల్డనులో జరిగేవి. 1860 జూలై 2న విక్టోరియా రాణి తొలి తూటా పేల్చి వాటిని ప్రారంభించింది. పేల్చడమంటే, ఇనుప పీఠం మీద ముందుగానే గురి కుదిర్చి బిగించిన విట్‌వర్త్ రైఫిలుకు కట్టిన పట్టుతాడును లాగింది. నాలుగు వందల గజాల అవతల తూటా నడిబొడ్డుకు సుమారు అంగుళం దూరంలో పడింది. రాణిగారి గురిని అందరూ మెచ్చుకొని ఉంటారు. ఆ పీఠం దగ్గర ఉదయమంతా మరలు తిప్పుతూ కూర్చున్నవారిని ఎందరు మెచ్చుకున్నారో!

నా ఎన్.సి.సి. పిచ్చి తెలిసిన మా అల్లుడు, “అత్తయ్యగారూ, మీరు చూసి తీరాలి” అని ఒక ఆదివారం నన్ను బిస్లీ తీసుకువెళ్లాడు. వెయ్యి గజాల రేంజిలో ఒక క్లబ్బువారి పోటీ జరుగుతోంది. పచ్చిక గట్టు మీద పదిమంది బోర్లా పడుకొని ఉన్నారు. సగానికి పైగా అరవై దాటినవారే. స్కోపూ, రైఫిలుకు ఆనుడు కర్రలూ అనుమతించే ఈ పోటీ రకాన్ని ఎఫ్-క్లాస్ అంటారు. ఆ అక్షరం జార్జి ఫార్కర్‌సన్ అనే కెనడా షూటరు పేరు నుంచి వచ్చింది. కళ్లు మసకబారిన తరువాత కూడా పెద్దవాళ్లు ఆట వదులుకోనక్కరలేకుండా ఈ పద్ధతి ఏర్పడింది. చత్వారపు కళ్లద్దాలు పెట్టుకున్న నాకు ఆ ఆలోచన ఎంతో నచ్చింది.

నేను ఒక ముసలాయన వెనుక కుర్చీ వేసుకొని కూర్చున్నాను. ఆయన అభ్యంతరం చెప్పలేదు సరికదా, తూటాకూ తూటాకూ మధ్య తీరికలో ఓపికగా మాట్లాడాడు. వెయ్యి గజాల దూరం పోవడానికి ఆ తూటాకు ఒకటిన్నర సెకనుకు పైగా పడుతుంది. వంద గజాలకు కుదిరిన గురితో కాలిస్తే, అది లక్ష్యానికి సుమారు పది మీటర్ల కింద నేలలో దిగబడుతుంది. మూడంతస్తుల మేడ ఎత్తన్నమాట. కనుక పై మరను దాదాపు నూటయాభై టిక్కులు తిప్పి ఉంచాలి. ఇంతవరకు లెక్కే. లెక్కకు లొంగనిది గాలి. గంటకు పదహారు కిలోమీటర్ల వేగంతో అడ్డంగా వీచే గాలి, అంటే చెట్ల చిటారు కొమ్మలను ఊపే పాటి గాలి, ఆ తూటాను సుమారు రెండున్నర మీటర్లు పక్కకు తోసివేస్తుంది. అందుకే రేంజి పొడవునా జెండాలు పాతి ఉంటాయి. ఒక్కొక్క జెండా ఒక్కొక్క మాట చెబుతుంది. వాటిలో దేనిని నమ్మాలన్నదే ఆయన యాభై ఏళ్ల అనుభవం.

జెండాల కంటె ఆయన ఎక్కువగా నమ్మేది ఎండమావిని. పక్కనున్న పెద్ద దూరదర్శినిలోంచి నన్నూ చూడమన్నాడు. లక్ష్యం ముందు గాలి ఏటినీటిలా కుడి నుంచి ఎడమకు పారుతోంది. ఆ పారుదల వాలును బట్టి గాలి ఎంత ఉందో అంచనా వేస్తారు. ఏటు తగ్గి తిన్నగా పైకి మరుగుతున్నట్లు కనిపిస్తే గాలి ఆగినట్లు, లేదా సరిగ్గా మన ముందు నుంచో వెనుక నుంచో వీస్తున్నట్లు. మన కవులకు మృగతృష్ణ భ్రాంతికి ప్రతీక. దానిలోంచి నిజాన్ని చదువుకొనే మనుషులను నేను అక్కడ మొదటిసారి చూశాను.

ప్రతి తూటా తరువాత అవతల కందకంలో ఉన్నవారు లక్ష్యాన్ని కిందికి దింపుతారు. రంధ్రంలో ఒక బిళ్ల గుచ్చి మళ్లీ పైకి లేపుతారు. తూటా ఎక్కడ పడిందో ఇవతలి నుంచి కనబడుతుంది. ఆయన పక్కన పడుకొన్న కుర్రవాడు బిళ్ల కనబడగానే మర తిప్పేవాడు. ఎడమకు పడితే కుడికి, కుడికి పడితే ఎడమకు. ముసలాయన గొంతు తగ్గించి, “అతడు బిళ్ల వెంట పరుగెత్తుతున్నాడు” అన్నాడు. ఎంత బాగా కాల్చేవాని తూటాలైనా కొద్దిపాటి పరిధిలో చెదురుతాయి. ఆ సహజమైన చెదురును తప్పుగా భావించి ప్రతిసారీ పూర్తిగా సవరిస్తూ పోతే, చెదురు తగ్గకపోగా పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో గణితం చెబుతుంది. దాదాపు 1.4 రెట్లు. ఏ మరా తిప్పకుండా ఊరుకున్నవాని కాగితమే ఇతని కాగితం కంటె మెరుగ్గా ఉంటుంది.

అలాగని ముసలాయన మరలు ముట్టుకోలేదని కాదు. గాలి నిజంగా మారిందని జెండాలూ ఎండమావీ ఒకే మాట చెప్పినప్పుడు పక్క మరను రెండు టిక్కులో నాలుగు టిక్కులో తిప్పేవాడు. అంతకు ముందు మోచేతి పక్కనున్న ఒక పాత నోటుపుస్తకంలో పెన్సిలుతో ఏదో గుర్తు పెట్టుకునేవాడు. ఆ పుస్తకం చూడవచ్చా అని అడిగాను. ఒక్కొక్క పుటలో తేదీ, ఎండ తీరు, గాలి దిక్కు, మరల మీది అంకెలు, లక్ష్యం చిత్రం ఉన్నాయి. చిత్రంలో ఒక్కొక్క తూటాకు ఒక చుక్క ఉంది. దూరంగా పోయిన చుక్కల పక్కన మాత్రం చిన్న అక్షరాలతో ఒక్కొక్క మాట ఉంది. కొన్ని చోట్ల ‘గాలి’, కొన్ని చోట్ల ‘నేను’.

‘నేను’ అని ఉన్నచోట మర తిప్పలేదని, ఎందుకు తిప్పాలని ఆయన అన్నాడు. వేలు బిగుసుకున్నదనో, ఊపిరి ఆపడం ఆలస్యమైందనో ఆయనకు అప్పటికప్పుడే తెలుస్తుందట. బిళ్ల పైకి రాకముందే పెన్సిలు తీసి రాసేస్తాడట. బిళ్లను చూసిన తరువాత రాస్తే ప్రతివాడూ గాలి అనే రాస్తాడని నవ్వాడు.

ఆ మధ్యాహ్నం ఆయన లెక్కకు వచ్చే తూటాలు పదిహేను కాల్చాడు. పుటలో మూడు చోట్ల ‘గాలి’, రెండు చోట్ల ‘నేను’ కనిపించాయి. పక్క కుర్రవానికి పాయింట్లు బాగా తగ్గాయి. అతడు లేచి రైఫిలును తిట్టుకుంటూ పోతుంటే ఆయన పిలిచి కూర్చోబెట్టి, తన పుస్తకంలో కిందటి పుటలు తిప్పి చూపించసాగాడు. వాళ్ల మాటలు నాకు సగమే అర్థమయ్యాయి.

ఆకాశం మబ్బు పట్టింది. మా అల్లుడు కారు తాళాలు తీశాడు. ముసలాయన స్కోపు అద్దాలకు మూతలు పెట్టేముందు, పై మరను వెనక్కు తిప్పడం మొదలుపెట్టాడు. పెదవులు కదుపుతూ ఒక్కొక్క టిక్కే లెక్కపెడుతున్నాడు. మర సున్న దగ్గర ఆగింది. అంకె సరిపోయిందో లేదో ఒకసారి పుస్తకంలో చూసుకున్నాడు.